పరుగు స్త్రీల కేల?

మన పెద్దపల్లి వీథులలో నొక యిల్లాలు వేకువను పరుగెత్తినచో, ‘ఏమి యాపద వచ్చెనో’ యని యెదురింటివారు కలవరపడుదురుగాని, వేడుకకై పరుగెత్తుచున్నదని తలంపరు. హైదరాబాదులో ఏటేట ఆగస్టు మాసమున జరుగు మారథానునందు గృహిణులును వేడుకకే పరుగెత్తుచున్నారు. దాని దూరము 42.195 కిలోమీటర్లు, క్రొత్తవారికి 10 కిలోమీటర్ల పరుగును గలదు.

ఈ పరుగు స్త్రీలకు సులభముగా దక్కినది కాదు. 1967లో బోస్టను మారథానునందు కాథరిన్ స్విట్జరను నామెను నిర్వాహకు డొకడు దారినుండి లాగివేయబోయెను. ఆమె తుదివరకు పరుగెత్తెను. 1972లో నచ్చట స్త్రీలకు ప్రవేశము కలిగెను. 1984లో ఒలింపిక్సునందును స్త్రీల మారథాను చేరెను.

ఇంటిపనియే చాలిన వ్యాయామమని కొందరందురు. ఆ పని యింటివారికొరకు, పరుగు మనకొరకు. మొదట కొన్నాళ్లు వడిగా నడచి, పిమ్మట మాటలాడగలిగినంత వేగమున కొంచెము పరుగెత్తిన జాలును. ఇందులకు వలయునది వేకువ నరగంట తీరిక. దాని నడుగుటకు సిగ్గుపడరాదని మేము తలంచుచున్నాము.