వంటింటికి నూలు అల్లిక

దుర్గి అనగానే మీకు రాతి బొమ్మలు గుర్తొస్తాయి. ఆ చుట్టుపక్కల చేలల్లో పత్తి కూడా పండుతుందండీ. ఆ పత్తి దారంతో మన వంటింటికి ఓ చిన్న వస్తువు అల్లుకుందాం.

పొయ్యిమీద పప్పు పొంగుతుంది. మసిగుడ్డ చేతికందదు. చటుక్కున పమిటచెంగుతోనే గిన్నె దించేస్తాం. మంట తగిలిందా, నైలాన్ చెంగు కరిగి చర్మానికి అంటుకుపోతుంది! అందుకే అల్లిక మసిగుడ్డ కావాలి.

లావు నూలు దారం తీసుకోండి. సన్నదైతే నాలుగు పేటలు కలపండి. ఊలు పేరుతో అమ్మే కృత్రిమ దారం వద్దు, అదీ కరుగుతుంది. కొక్కెం సూదితో జానెడు గొలుసు అల్లి, వరసమీద వరసగా చదరం అయ్యేదాకా నడపండి. మొదటి ఉతుకులో నూలు కుదించుకుపోతుంది గనుక వేలెడు ఎక్కువే ఉంచండి. ఇలాంటివి రెండు కలిపి అంచులు కుట్టి, మూలన తగిలించేందుకు ఉంగరంలా అల్లండి.

2024లో భౌగోళిక గుర్తింపు పొందిన నరసాపురం లేసు చూశారుగా? అలాంటి పూలు అంచుకే ముచ్చట. మధ్యలో కన్నాలుంటే సెగ వేళ్ళకు తగులుతుంది.

ముఖ్యమైన మాట: తడి అల్లికతో వేడిగిన్నె పట్టుకోకండి. పొడి నూలులోని గాలి సెగను ఆపుతుంది. తడిస్తే ఆ నీరే సెగను వేళ్ళకు చేరుస్తుంది. కనుక రెండు జతలు అల్లుకోండి. ఒకటి ఆరుతుంటే ఒకటి వాడుకోవచ్చు. నూలూ అంటుకునేదే, మంటకు దూరంగా తగిలించండి.

ఇకమీదట చెంగును నడుముకే దోపుకుందామా? సెలవు.