సంలీన ప్లాస్మాలో అధికవేగ అయాన్ల అస్థిరతలు: ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం:

డ్యుటీరియం, ట్రిటియం కేంద్రకాలు సంలీనం చెందినప్పుడు 17.6 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి వెలువడుతుంది. ఇందులో 14.1 న్యూట్రాన్‌కు చెందుతుంది. విద్యుదావేశం లేని న్యూట్రాన్ అయస్కాంత క్షేత్రానికి లొంగక వెలుపలికి పోతుంది. మిగిలిన 3.5 ఆల్ఫా కణానిది. ఇది క్షేత్రంలో చిక్కుకొని, ప్రధానంగా ఎలక్ట్రాన్లను ఢీకొంటూ తన శక్తిని క్రమంగా ప్లాస్మాకు అందించాలి. ప్లాస్మా తన వేడిని తానే నిలుపుకోవడం దీనిపైనే ఆధారపడి ఉంది. అయితే ఆ వేడిని పోషించవలసిన కణాలే అలజడి రేపి, శక్తిని అందించకముందే బయటపడే ప్రమాదం ఉంది.

2. చేపముల్లు అస్థిరత:

అమెరికాలోని ప్రిన్స్‌టన్‌లో పీడీఎక్స్ అనే టోకమాక్ యంత్రంలోని ప్లాస్మాను తటస్థ కణపుంజాలతో వేడిచేసినప్పుడు ఈ సమస్య స్పష్టంగా కనిపించింది. నమోదైన అయస్కాంత సంకేతాల ఆకృతి చేప అస్థిపంజరాన్ని పోలి ఉండడంతో దీనికి ‘ఫిష్‌బోన్’ అనే పేరు స్థిరపడింది. తాపనానికి పంపిన శక్తిలో 20 నుండి 40 శాతం వరకు నష్టపోయి ఉండవచ్చని 1983లో పరిశోధకులు ప్రకటించారు.

3. ఆల్ఫ్వెన్ తరంగాలు:

అయస్కాంత క్షేత్రరేఖలు బిగించిన వీణతీగెల వలె కంపించగలవని 1942లో హానెస్ ఆల్ఫ్వెన్ ప్రతిపాదించాడు. ప్లాస్మాలో ఒక్కొక్క పొర ఒక్కొక్క పౌనఃపున్యంతో కంపించడం వల్ల ఈ తరంగాలు సాధారణంగా త్వరగా అణగిపోతాయి. కానీ టోకమాక్ వలయాకృతి కారణంగా పౌనఃపున్యాల నడుమ ఒక ఖాళీ ఏర్పడుతుంది. ఆ ఖాళీలో పుట్టిన తరంగం సులభంగా అణగదు. దాని వేగానికి దగ్గరి వేగంతో సాగే అయాన్లు, ఉయ్యాలను లయ తప్పకుండా ఊపినట్లు, దానిని పెంచుతాయి. అధికవేగ అయాన్లు ప్లాస్మా నడిమి భాగంలో ఎక్కువగా, అంచున తక్కువగా ఉంటాయి. ఈ వ్యత్యాసమే తరంగానికి శక్తిమూలం. తరంగానికి శక్తినిచ్చిన అయాను అంచువైపు జరుగుతుంది.

1991లో ప్రిన్స్‌టన్‌లోనే టీఎఫ్‌టీఆర్ యంత్రంలో, అయస్కాంత క్షేత్రాన్ని తగ్గించి, తరంగవేగం పుంజంలోని అయాన్ల వేగానికి సరితూగేలా చేసి ఈ అస్థిరతను గుర్తించారు. ఆల్ఫా కణాలే ప్రేరేపించిన తరంగాలు అదే యంత్రంలో కణపుంజాలను ఆపిన కొద్దిసేపటికి కనిపించాయి. పుంజంలోని అయాన్లు అంతవరకు ఆ తరంగాలను అణచి ఉంచడమే ఇందుకు ఒక కారణం. ఈ ఫలితాలు 1997లో వెలువడ్డాయి.

4. ముగింపు:

ఫ్రాన్స్‌లో భారతదేశం కూడా భాగస్వామిగా నిర్మితమవుతున్న ఐటర్ లక్ష్యం, 50 మెగావాట్ల తాపనంతో 500 మెగావాట్ల సంలీన శక్తిని సాధించడం. అందులో ఐదవ వంతు, అంటే సుమారు 100 మెగావాట్లు, ఆల్ఫా కణాలది. ఇది బయటి నుండి అందించే తాపనానికి రెట్టింపు. కాబట్టి అక్కడ ఆల్ఫా కణాలు చెదిరిపోతే ప్లాస్మా తన ప్రధాన ఉష్ణాధారాన్నే కోల్పోతుంది. తప్పించుకున్న కణాలు ఒకేచోట తాకితే యంత్రపు లోపలి గోడ కూడా దెబ్బతింటుంది. అందువల్ల సంలీనాన్ని సాధించడంతోపాటు, దాని నుండి పుట్టిన కణాలను చల్లబడేవరకు నిలిపి ఉంచడం కూడా ఈ రంగంలో కీలకమైన పరిశోధనాంశం.