అడవికోడి ఈక, ట్రౌట్ చేప చూపు

తమిళనాడులోని రాజపాళయానికి పడమట, అయ్యనార్ కోయిల్ వాగు దిగివచ్చే అడవుల్లో తెల్లవారుతుండగా బూడిదరంగు అడవికోడి కూత వినిపిస్తుంది. పెరటి పుంజు కూతలా సాగదు, తెగి తెగి వస్తుంది. దక్షిణ, పశ్చిమ భారతంలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా బతకని పక్షి ఇది. దీని మెడ మీది ఈకల కోసం ఇంగ్లండులో, అమెరికాలో గాలం వేసేవాళ్లు వందేళ్లకు పైగా ఎగబడ్డారు. ఎందుకో తెలియాలంటే ట్రౌట్ చేప నీళ్లలోంచి పైకి ఎలా చూస్తుందో తెలియాలి.

ముందు ఈకను దగ్గరగా చూద్దాం. కాడకు రెండువైపులా నలుపు, బూడిదరంగు పోగులు. కొస దగ్గరికి వచ్చేసరికి కాడ వెడల్పై, చదునై, గట్టి పలకలా మారుతుంది. దాని మీద దంతపు రంగులో ఒక మచ్చ, మైనం పూసినట్టు నిగనిగలాడుతుంది. పోగులు వెలుతురును వడగడతాయి, ఈ పలక మాత్రం అడ్డుకుంటుంది. అసలు సంగతి ఇక్కడే ఉంది.

ట్రౌట్, గ్రేలింగ్ చేపలకు నీటి మీద తేలివచ్చే పురుగులంటే ప్రాణం. అందుకని వానపాముకు బదులు ఈకలు, దారం, బొచ్చు కలిపి కొక్కేనికి చుట్టి ఉత్తుత్తి పురుగును తయారు చేస్తారు. దీనికి బరువే ఉండదు. మరి దూరం ఎలా వెళ్తుంది? మామూలు గాలంలో సీసపు గుండు దారాన్ని లాక్కుపోతే, ఫ్లై ఫిషింగ్ అనే ఈ పద్ధతిలో బరువైన దారమే పురుగును మోస్తుంది. వంగిన కర్ర నిటారై ఆగగానే దారం మెలిక తిరిగి ముందుకు విప్పుకుంటుంది. కొసకు పోయేకొద్దీ దారం సన్నబడుతుంది కాబట్టి వేగం అంత తొందరగా చచ్చిపోదు. చివరికి పురుగు మెల్లగా నీటి మీద వాలుతుంది. ఆ తర్వాత దారం దాన్ని ప్రవాహానికి అడ్డంగా ఇసుమంత లాగినా చాలు, అనుభవమున్న చేప మొహం తిప్పేసుకుంటుంది.

ఈ విద్యకు బడి ఇంగ్లండులోని సుద్ద నేలల ఏర్లు. హాంప్‌షైర్‌లోని టెస్ట్, ఇచెన్ వాటిలో పేరుమోసినవి. సుద్ద అంటే మెత్తని సున్నపురాయి, కోట్ల ఏళ్ల కిందటి సముద్రపు సూక్ష్మజీవుల పెంకుల గుట్ట. వాన నీరు అందులోకి ఇంకి, నెమ్మదిగా ఊటలై బయటికి వస్తుంది. అందుకే ఆ ఏరు వానకు ఒక్కసారిగా పొంగదు, బురద కలవదు. ఊట నీరు ఏడాది పొడవునా 10, 11 డిగ్రీల దగ్గరే ఉంటుంది. నీళ్లలో కరిగిన సున్నం వల్ల నాచు, నీటిమొక్కలు, రొయ్యజాతి జీవులు, పురుగులు బాగా పెరుగుతాయి. నీరు అద్దంలా ఉంటుంది కనుక చేపకు మోసం ఇట్టే తెలిసిపోతుంది. తేలే పురుగును పద్ధతిగా కట్టే శాస్త్రాన్ని ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ 1886లో పుస్తకంగా తెచ్చింది ఈ ఏర్ల అనుభవంతోనే.

రాజపాళయం వాళ్లకు సున్నపురాయి కొత్త కాదు. పి.ఎ.సి. రామసామి రాజా పెట్టిన మద్రాస్ సిమెంట్స్ ఆ రాయితోనే నడిచింది. కానీ ఆ రాయి దొరికేది మైదానంలో. వాగులు పుట్టే కొండలు గట్టి రాతివి. వాన నీరు వాటిలో ఇంకి నిలవదు, పైపైనే జారిపోతుంది. పైగా మన ఎండ. 10 డిగ్రీల నీరు లీటరుకు సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ పట్టుకోగలదు. 30 డిగ్రీల దగ్గర అది 7.6కు పడిపోతుంది. నీరు వేడెక్కేకొద్దీ చేపకు ఆక్సిజన్ అవసరం పెరుగుతుంది, దొరికేది తగ్గుతుంది. 25 డిగ్రీలు వచ్చేసరికి ట్రౌట్ ప్రాణానికే ముప్పు. తమిళనాడులో ట్రౌట్ నిలదొక్కుకున్నది ముఖ్యంగా నీలగిరి ఎత్తుల్లో. అవలాంచి దగ్గర 1907లో ట్రౌట్ పిల్లల కేంద్రం పెట్టారు.

ఇక చూపు సంగతి. పదో తరగతిలో చదువుకున్న సందిగ్ధ కోణం గుర్తుందా? నీటికి అది సుమారు 48.6 డిగ్రీలు. నీళ్లలోంచి అంతకన్నా ఏటవాలుగా పైకి చూస్తే బయటి ప్రపంచం కనబడదు. నీటి పైభాగమే అద్దమై ఏటి అడుగును చూపిస్తుంది. కాబట్టి చేప తల మీద ఒక గుండ్రటి కిటికీ మాత్రమే తెరిచి ఉంటుంది, ఆకాశం, ఒడ్డు, మనిషి అన్నీ అందులోనే ఇరుక్కుని కనిపిస్తాయి. చేప 30 సెంటీమీటర్ల లోతులో ఉంటే కిటికీ వెడల్పు సుమారు 68 సెంటీమీటర్లు. 10 సెంటీమీటర్ల లోతుకు వస్తే 23కు కుదించుకుపోతుంది. తేలివచ్చే పురుగు ఇంకా కిటికీలోకి రాకముందు, దాని కాళ్లు నీటిపొరను నొక్కిన చోట అద్దంలో మెరుపు చుక్కలు కనిపిస్తాయి. ఆ తర్వాత కిటికీ అంచున రెక్కలు తేలతాయి. పురుగు నడినెత్తి మీదికి వచ్చాక, వెలుతురుకు అడ్డంగా నల్లటి ఆకారం ఒక్కటే మిగులుతుంది.

ఈ చివరి మాటను అందరికన్నా గట్టిగా పట్టుకున్నవాడు అమెరికన్ విన్సెంట్ మారినారో. పెన్సిల్వేనియాలోని లెటార్ట్ ఏరు సున్నపురాయి ఊటల్లో పుట్టింది, ఇంగ్లండు సుద్ద ఏర్లకు చెల్లెలనవచ్చు. అక్కడ ట్రౌట్లు కంటికి కనబడని దేన్నో తింటుంటే, ఆయన ఒడ్డున బోర్లా పడుకుని నీటిపొరను పరీక్షించాడు. గట్టు గడ్డిలోంచి రాలిన చీమలు, జాసిడ్లు కొట్టుకొస్తున్నాయి. జాసిడ్లంటే పత్తి రైతుకు పరిచయం అక్కర్లేదు. రాజపాళయం చుట్టుపక్కల పత్తి చేలను పీల్చే పచ్చదోమ ఆ కుటుంబానిదే, పొడవు మూడు మిల్లీమీటర్ల చిల్లర. నీటిపొరకు అతుక్కుపోయిన పురుగుకు కింది నుంచి పొడవు, వెడల్పే తప్ప మందం కనిపించదని మారినారో వాదించాడు. అందుకని చిన్న కొక్కేనికి వెంట్రుకలాంటి ఈక చుట్టి, పైన అడవికోడి ఈక పలకను పడుకోబెట్టి కట్టాడు. వెలుతురును ఆపే పలక కింది నుంచి అచ్చం పచ్చదోమ నీడే. దానికి జాసిడ్ అనే పేరు పెట్టాడు, 1950లో వచ్చిన ఆయన పుస్తకంతో అది ప్రసిద్ధికెక్కింది. గాలం చరిత్రలో ఇంత తక్కువ సరుకుతో ఇంత తెలివైన పని ఇంకొకటి ఉందనుకోను.

ఆ తెలివికి ధర చెల్లించింది మాత్రం మన పక్షి. అంతకుముందే స్కాట్లండు సాల్మన్ గాలాలకు, జాక్ స్కాట్ లాంటి పేరున్న నమూనాలకు, దీని ఈకలు సింగారంగా వాడేవారు. అడవి పక్షుల ఈకల ఎగుమతిని బ్రిటిష్ ప్రభుత్వం 1902లోనే నిషేధించింది. అయినా వలలు, ఉచ్చులు ఆగలేదు, మెడ చర్మాలు చాటుగా దేశం దాటాయి. ఇప్పుడు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఈ పక్షిని వేటాడటం నేరం. విదేశాల్లో పెంపకం పక్షుల ఈకలు దొరుకుతున్నాయి, ప్లాస్టిక్ నకళ్లూ వచ్చాయి. నీడ సరిపోతే చేపకు చాలు కాబట్టి అడవి పుంజు మెడ కోయాల్సిన అవసరం ఎవరికీ లేదు.

శ్రీవిల్లిపుత్తూరు–మేఘమలై అడవులు 2021 నుంచి పులుల అభయారణ్యం. అక్కడికి వెళ్లినప్పుడు ఈ ఈకలు ఎవరైనా అమ్మజూపితే కొనకండి, అటవీశాఖకు చెప్పండి.