ఛార్జి: ఒక మాట మోయు బరువులు

ఇంగ్లీషు మాటలు కొన్ని మన దేశమునకు అతిథులుగా వచ్చి, ఇంటివారై, తుదకు ఇంటి పెత్తనమునే వహించినవి. అట్టివానిలో ‘ఛార్జి’ ముఖ్యమైనది. పల్లెటూరి ముదుసలి బస్సెక్కి ఛార్జి యెంతయని కండక్టరు నడుగును. క్రొత్త తహసీలుదారు మండలమున ఛార్జి తీసికొనును. పోలీసువారు ఛార్జిషీటు దాఖలు చేయుదురు. ఊరేగింపుపై లాఠీఛార్జి జరుపుదురు. అప్పిచ్చిన సంఘమువారు రైతు పొలముపై ఛార్జి వ్రాయించుకొందురు. విద్యార్థి తన సెల్‌ఫోనులో ఛార్జి లేదని విచారించును. మాట యొక్కటే, అర్థములు ఆఱు. వీనిని వేఱుపఱచి చూచుట వట్టి నిఘంటు వినోదము కాదు. సామాన్యుని ధనము, భూమి, స్వేచ్ఛ - ఈ మూడును ఈ మాట కొనను వ్రేలాడుచున్నవి. కావుననే దీనిని గూర్చి కొంత విచారింపదలచితిమి.

ఈ పదముయొక్క పుట్టుపూర్వోత్తరములు చిక్కులేనివి. లాటిను భాషలో ‘కారుస్’ అనగా బండి. రోమనులు ఆ మాటను గాలు జాతివారివలన గ్రహించిరి. దానినుండి బండిపై బరువెక్కించుట యను నర్థమున ‘కారికారె’ యను క్రియ పుట్టినది. అది ఫ్రెంచి భాషలో రూపుమారి, 13వ శతాబ్దమునాటికి ఇంగ్లీషున ప్రవేశించినది. ఓడసరుకునకు పేరైన ‘కార్గో’యు, మోయుట యను నర్థముగల ‘క్యారీ’యు, మన వీధులలో తిరుగు ‘కారు’ను దీనికి జ్ఞాతులే. కావున ఛార్జికి మూలార్థము బరువు. తక్కినవన్నియు ఆ బరువుయొక్క రూపాంతరములు. తుపాకిలో మందు కూరుట బరువెక్కించుటయే గనుక, ఆ మందునకును ఛార్జి యను పేరు కలిగెను. 18వ శతాబ్దమున బెంజమిన్ ఫ్రాంక్లిను గాజుజాడీలలో విద్యుత్తును నింపి పరిశోధించునపుడు ఈ మాటనే వాడెను. ఫిరంగుల వరుసకు పేరైన ‘బ్యాటరీ’ని ఆ జాడీల వరుసకును ఆయనయే పెట్టెను. నేటి సెల్‌ఫోను ఛార్జింగు ఆ వంశములోనిదే.

తెలుగువాని కీ భావమార్గము వింత కాదు. కట్టెలమోపు అన్నచో బరువు. నేరము మోపుట యన్నచో నింద. ‘ఆరోపణ’ యను సంస్కృతపదమునకును ఎక్కించుట యనియే మొదటి యర్థము. పదవీభారము, ఋణభారము, పన్నుల భారము అని మనమును బరువుతోనే చెప్పుకొనుచున్నాము. అయితే మన భాష యొక మేలు చేసినది. మూలభావము బరువే యైనను, ఒక్కొక్క బరువునకు వేఱు పేరు పెట్టినది. అభియోగము వేఱు, రుసుము వేఱు, బాధ్యత వేఱు, విద్యుదావేశము వేఱు. ఇంగ్లీషుమాట ఈ మూటలన్నిటిని మరల నొక్క సంచిలో వేసి మన భుజముపై పెట్టుచున్నది.

ఒక మాటకు పలు అర్థములుండుట తనంతట దోషము కాదు. అమరసింహుడు పర్యాయపదములను కూర్చుటతో తృప్తినొందక, నానార్థవర్గమును ప్రత్యేకముగా రచించెను. ‘హరి’ యన్నచో విష్ణువును కావచ్చును, సింహమును కావచ్చును, కోతియు కావచ్చును, కప్పయు కావచ్చును. ఇట్టిచోట అర్థమును నిర్ణయించుటకు సంయోగము, సాహచర్యము, ప్రకరణము మొదలగు సాధనములను భర్తృహరి వాక్యపదీయమున పేర్కొనెను. సైంధవము తెమ్మన్నచో భోజనపంక్తిలో ఉప్పు, ప్రయాణవేళ గుఱ్ఱము అని మన శాస్త్రకారులు చెప్పు ఉదాహరణము ప్రసిద్ధమే. ప్రకరణ మెఱుగక ఉప్పడిగినచోట గుఱ్ఱమును తెచ్చినవానిని చూచి నవ్వి యూరకుందుము. కాని ప్రకరణ మెఱుగక కాగితముపై వ్రేలిముద్ర వేసినవానిని చూచి నవ్వుటకు వీలులేదు.

ముందుగా భూమిమాట. అప్పు పత్రములో తన పొలముపై ‘ఛార్జి’ యున్నదని వినిన రైతు, అది కాగితముల ఖర్చో, గుమాస్తా రుసుమో యని తలచుట సహజము. ఏలయన బస్సులోను, బజారులోను ఆ మాట కతడెఱిగిన యర్థ మదియే. 1882వ సంవత్సరపు ఆస్తి బదలాయింపు చట్టము నూఱవ సెక్షను చెప్పునది వేఱు. ఒకరి స్థిరాస్తి మఱియొకరికి రావలసిన సొమ్మునకు హామీ యగునెడల, అది తాకట్టు కాకున్నను, ఆ ఆస్తిపై ఛార్జి యేర్పడును. ఆ సొమ్ము చెల్లనిచో న్యాయస్థానము ద్వారా ఆ పొలమునే అమ్మించి రాబట్టుకొనవచ్చును. ఇది పదిరూపాయల రుసుము కాదు. పొలము నెత్తిన కూర్చున్న బరువు. ‘ఆస్తిపై ఋణభారము’ అని యొక్క తెలుగుమాట వ్రాసినచో రైతు చేవ్రాలు చేయుటకు ముందు మఱియొకసారి యాలోచించియుండెడివాడు గదా!

ఇక ధనముమాట. ఇంగ్లీషువాడు బస్సునకిచ్చు సొమ్మును ‘ఛార్జి’ యనడు, ‘ఫేర్’ అనును. వైద్యునకు ‘ఫీజు’, వంతెనకు ‘టోల్’, ఇంటికి ‘రెంట్’, సరుకునకు ‘ప్రైస్’ అని వేఱువేఱుగా చెప్పును. మనకును అద్దె, బాడుగ, కిరాయి, కూలి, వెల, సుంకము, రుసుము అని పేరులకు కొదవలేదు. అన్నిటిని ‘ఛార్జీలు’ చేసి, వారి తేడాను, మన తేడాను గూడ పోగొట్టుకొంటిమి. ఇంటికి వచ్చు కరెంటు బిల్లును చూడుడు. ఎనర్జీ ఛార్జి యొకటి, ఫిక్స్‌డ్ ఛార్జి యొకటి, కస్టమర్ ఛార్జి యొకటి. మొదటిది వాడిన యూనిట్ల వెల. రెండవది, వాడినను వాడకున్నను చెల్లింపవలసిన స్థిరరుసుము. మూడవది ఖాతాదారుడైనందులకు చెల్లించునది. పొదుపుగా వాడిన కొలది ముఖ్యముగా తగ్గునది మొదటిది. మూడింటికి మూడు పేరులున్నచో గృహిణి యీ సంగతిని బిల్లు చూచిన క్షణముననే గ్రహించును; దేనిని ప్రశ్నింపవలెనో, దేనిని తగ్గించుకొనవలెనో తెలిసికొనును. పేరు తెలియని బరువును మోయువాడు దాని తూనిక నడుగలేడు.

అన్నిటికంటె ముఖ్యము స్వేచ్ఛమాట. ‘ఛార్జిషీటు’ వేసిరని పత్రికలో చదువగానే నేరము రుజువైనదని లోకము తలచుచున్నది. ఛార్జిషీటన్నది దర్యాప్తు ముగించి పోలీసువారు న్యాయస్థానమునకు పంపు నివేదిక మాత్రమే. చట్టములో దాని పేరు పోలీసు నివేదికయే. దానిని పరిశీలించి, తగిన ఆధారములున్నచో న్యాయాధికారి విరచించునది అసలైన ‘ఛార్జి’, అనగా అభియోగము. అదియు నిందయే గాని నిర్ణయము కాదు. విచారణ దాని తరువాతనే ప్రారంభమగును. ఆ అభియోగమును నిందితునికి చదివి వినిపించి వివరింపవలెనని 1973వ సంవత్సరపు క్రిమినలు ప్రొసీజరు కోడు శాసించెను. 2024 జూలై 1వ తేదీనుండి దాని స్థానమున అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితయు అట్లే శాసించుచున్నది. వివరింపవలెనన్నపుడు, వినువానికి అర్థమగు మాటలో వివరింపవలెనని వేఱుగా చెప్పవలయునా?

దీనికి జోడు ‘డిశ్చార్జి’. అనగా బరువు దింపుట. రోగి ఆసుపత్రినుండి డిశ్చార్జి యగును. నిందితుడును కోర్టులో డిశ్చార్జి యగును. అభియోగమునకు ఆధారములు చాలవని విచారణకు ముందే వదలిపెట్టుట డిశ్చార్జి. విచారణానంతరము నిర్దోషియని తీర్పు చెప్పుట వేఱు. జామీనుపై బయటికి వచ్చుట మఱియును వేఱు. నిర్దోషియని తీర్పు పొందినవానిని ఆ తీర్పు నిలిచియున్నంతకాలము అదే నేరమునకు మరల విచారింపరాదు. డిశ్చార్జి యైనవానికి ఆ రక్షణ లేదు. ఈ మూడింటికిని ‘విడుదల’ యని యొక్కమాటయే వ్రాయు పత్రికలు పాఠకునికే గాక ఆ మనుష్యునికిని అన్యాయము చేయుచున్నవి.

లాఠీఛార్జి సంగతి తలచినచో మనస్సు కలతనొందును. ఇందలి ఛార్జి యుద్ధభూమినుండి వచ్చినది. అశ్వికదళము శత్రువుపైకి దుమికినపుడు వాడుమాట. పౌరులు శత్రుసేన కారు. 1928 అక్టోబరు 30వ తేదీన లాహోరులో సైమను కమీషనునకు నిరసన తెలుపుచున్న లాలా లజపతిరాయి పోలీసు లాఠీదెబ్బలు తినెను. నవంబరు 17వ తేదీన దివంగతుడయ్యెను. ఆనాటి దెబ్బలకు లాఠీఛార్జి యని పేరుపెట్టినచో, ఏదో కవాతు జరిగినట్లు తోచును. కొట్టినవాడును కనబడడు, దెబ్బతిన్నవాడును కనబడడు. స్వతంత్ర దేశమునను ‘లాఠీఛార్జి జరిగినది’ అనియే వ్రాయుచున్నాము. వాన కురిసినట్లు అది తనంతట జరుగదు. ‘పోలీసులు లాఠీలతో కొట్టిరి’ అని వ్రాసినచో, ఎవరి యాజ్ఞపై కొట్టిరను ప్రశ్న వెంటనే పుట్టును. ఆ ప్రశ్న పుట్టుటయే ప్రజాస్వామ్యమునకు మేలు.

ఇట్లనుటచే ఇంగ్లీషుమాటలను దేశబహిష్కారము చేయవలెనని మా యభిప్రాయము కాదు. సెల్‌ఫోను ఛార్జింగును విద్యుదావేశపూరణ మనవలెనని కోరువారిలో మేము లేము. బస్సు ఛార్జీయు ముదుసలి నోట తెలుగుమాటయే యైనది, ఉండనిండు. కాని సొమ్ము చెల్లించుచోట, చేవ్రాలు చేయుచోట, నేరము మోపుచోట సందేహమునకు తావీయరాదు. తెలుగును అధికారభాషగా జేసిన చట్టము 1966లోనే వెలువడినది. ఆ చట్టముయొక్క సార్థకత కచేరీ గోడపై నామఫలకములో లేదు. రైతు చేతికిచ్చు కాగితములో నున్నది. న్యాయవాదులును, అధికారులును, మాతోటి పత్రికలవారును ఈ మాట వ్రాయబోవునపుడెల్ల ఒక్క క్షణమాగి, ఇది యే ఛార్జి, దీని బరువు ఎవరిపై బడుచున్నదని తమ్ము తామడుగుకొందురుగాక. మోయువానికి మోపు పేరు చెప్పుట కనీసధర్మము.