బొగ్గులు రాజేయు గొట్టము

అగ్నికి వాయుసఖుడని అమరకోశమున ఒక పేరు గలదు. బాల్యమున వల్లించిన ఆ మాటకు అర్థము కుంపటి ముందు కూర్చుండిననాడు గాని తెలియదు. విసనకఱ్ఱ ఆడినంతసేపు నిప్పు కణకణలాడును. చేయి నొచ్చి ఆపితిమా, నివురు కప్పుకొని పండుకొనును.

ఈ విసరు శ్రమ లేకుండ గాలిని తానై లోనికి లాగుకొను గొట్టమొకటి నేడు వాడుకలో నున్నది. అమెరికాలోని బిడ్డల యింట కొన్నాళ్లుండి వచ్చిన పెద్దలు దీనిని చూచియే యుందురు. వేసవి సాయంకాలములందు పెరటిలో ఇనుపచువ్వలపై మాంసమో, మొక్కజొన్న కండెలో కాల్చుకొనుట అచ్చటివారికి వేడుక. అందులకు వలయు బొగ్గును రాజేయునది యీ గొట్టమే. మన దేశమునను ఇప్పుడిది దొరకుచున్నది.

చూచుటకు ఇది అడుగులేని రేకు డబ్బా. ఎత్తు సుమారు 12 అంగుళములు, వెడల్పు 7 అంగుళములు. లోపల కొంత యెత్తున చువ్వల జల్లెడ యుండును. దానిపై బొగ్గు, దాని క్రింద రెండు కాగితపు టుండలు. కాగితము నంటింపగా అడుగు బొగ్గులు రాజుకొనును. వేడెక్కిన గాలి తేలికయై పైకి పోవును; ఆ చోటులోనికి క్రింది రంధ్రములగుండ చల్లగాలి చొచ్చుకొని వచ్చును. నిప్పు పెరిగినకొలది గాలి యీడ్పు పెరుగును, గాలి పెరిగినకొలది నిప్పు పెరుగును. ఇటుకబట్టీకి పొగగొట్టము ఎత్తుగా కట్టుటయు ఇందుకే. 15 మొదలు 20 నిమిషములలో పై బొగ్గుల యంచులు తెల్లబారును.

కొనునప్పుడు అంగడివాడు రేకు తళుకును చూపును. మీరు దానిని తలక్రిందుచేసి చూడుడు. ప్రక్క రంధ్రములు విశాలముగా నుండవలెను. జల్లెడ గోపురమువలె పైకుబ్బి యున్నచో కాగితమునకు చోటు చిక్కును, మంట ఎక్కువ బొగ్గులను తాకును. పరిమాణమున సందేహము కలిగిన పెద్దదే మేలు. దానిని సగమే నింపుకొనవచ్చును, చిన్నదానితో రెండుమార్లు రాజేయవలసి వచ్చును.

అన్నింటికంటె ముఖ్యము పిడి. ఎఱ్ఱగా కాలిన రెండు కిలోల బొగ్గును ఎత్తి కుమ్మరించు పని యిది. పిడి కొయ్యదై, గొట్టమునకు ఎడముగా నుండి, నడుమ వేడినాపు రేకు గలిగి యుండవలెను. రెండవ చేతికి ఎదురుప్రక్క తీగపిడి యున్నదే కొనుడు. పంచె కట్టినవారు కుచ్చెళ్లు ఎగదోపుకొనుట మఱవరాదు.

రేకుల పనివానిచేత చేయించుకొందమనువారికి ఒక మాట. జింకుపూత రేకు వలదు. జింకు 420 డిగ్రీల సెంటీగ్రేడుకు లోపుననే కరగును. మండు బొగ్గు వేడి అంతకంటె మిక్కుటము. ఆ పూతనుండి వెడలు పొగను పీల్చిన జ్వరము వచ్చును. వట్టి యినుపరేకు త్రుప్పు పట్టునేమో గాని హాని చేయదు.

గొట్టమున్న యింట కిరసనాయిలుతో పనిలేదు. అది కంకులకు కంపు నంటించును. అంతేగాక రాజుకొన్న బొగ్గుపై పోసినచో మంట ధారవెంట డబ్బాదాక ఎగబ్రాకును.

దీనిని ఇంటిలో, వసారాలో ముట్టింపరాదు. బొగ్గు మండునప్పుడు కార్బన్ మోనాక్సైడను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. కావున ముక్కును నమ్ముకొని లాభము లేదు. చలికి తలుపులు మూసి, కుంపటి పెట్టుకొని నిద్రించి మరల లేవని కుటుంబముల వార్తలు పత్రికలలో చదువుచునే యున్నాము. పొగ లేదుగదా యని వారు నమ్మిరి. తెల్లబారిన బొగ్గు పొగ చిమ్మదు; ఆ వాయువును మాత్రము విడుచుచునే యుండును.

బొగ్గు కుమ్మరించిన పిదప ఖాళీ గొట్టమును ఱాతిమీదనో, మట్టి నేలమీదనో నిలుపుడు. అది ఎఱ్ఱగా కానరాదు గనుక పిల్లలు ముట్టుకొందురు. చల్లారువఱకు ఒక పెద్దమనిషి దానిదగ్గఱ నుండవలెను.