గొడ్లచావిడికి రాని ఖడ్గమృగం

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే దారిలో ఎండెక్కాక ఏ కాలవలో చూసినా గేదెలే. ముట్టె, కొమ్ములు మాత్రం పైకి పెట్టి ఒళ్లంతా నీళ్లలో ముంచేస్తాయి. అస్సాంలోని కాజిరంగాలోనూ మధ్యాహ్నం ఇదే తంతు. కాకపోతే అక్కడివి అడవి గేదెలు, వాటి పక్కనే ఖడ్గమృగాలు. రేపల్లె అవతల కృష్ణ లంకల్లో పెరిగే రెల్లు బ్రహ్మపుత్ర ఒడ్డున ఖడ్గమృగానికి ముఖ్యమైన మేత. మేత ఒకటే, బురద ఒకటే. మరి గేదె వేల ఏళ్ల కిందటే మన కట్టుకొయ్యకు వస్తే, ఖడ్గమృగం ఎందుకు రాలేదు?

కోపిష్టి జంతువని చెప్పి ఊరుకోవడం సులువు. అడవి గేదె మాత్రం సాధువా? దాని కొమ్ములకూ అడవిలో మనుషులు జడుస్తారు. పైగా ఖడ్గమృగం మచ్చిక కాదన్నది నిజం కాదు. 1738 ప్రాంతంలో పుట్టిన క్లారా అనే పిల్లను, తల్లి వేటకు బలయ్యాక, బెంగాల్లో డచ్చి కంపెనీ అధికారి సిక్టర్‌మాన్ ఇంట్లో పెంచారు. విందు వేళ అతిథుల మధ్య తిరిగేదట. ఓడెక్కి 1741లో రోటర్‌డామ్ చేరింది. 1758లో లండన్‌లో చనిపోయేదాకా యూరప్‌లో ఊరూరా జనం డబ్బిచ్చి దాన్ని చూశారు. ఇప్పటి జూలలోనూ చర్మం మడతల్లో గోకితే కదలకుండా నిలబడే ఖడ్గమృగాలున్నాయి. అలాంటిదాని వీపెక్కి కూర్చోవచ్చు కూడా. కూర్చోవడం వేరు, తోలడం వేరు.

ఎద్దును తోలేవాడి చేతిలో ముక్కుతాడు ఉంటుంది. అయినా పని చేసేది తాడొక్కటే కాదు. సంక్రాంతి బండలాగుడు పోటీల్లో ఒంగోలు జత ఒక్క అదిలింపుకు కలిసి అడుగేస్తుంది. పశువు మందలో పుడుతుంది. ముందున్నదాని వెనక నడవడం, బలమైనదానికి దారివ్వడం దూడప్పుడే అలవడుతుంది. మనిషి చేసిందల్లా ఆ ముందు స్థానంలోకి తాను వెళ్లడమే. ట్రాక్టర్లు రాకముందు బాపట్ల మాగాణుల్లో దమ్ము చేసిన దున్నపోతులూ అలాగే లొంగాయి, ఏనుగులూ అలాగే లొంగాయి.

ఒంటికొమ్ము ఖడ్గమృగానికి మంద లేదు. తల్లీబిడ్డల్ని మినహాయిస్తే, మడుగు దగ్గర కలిసినా దేని దారి దానిదే. మగవి తలపడితే కింది దవడ ముందుపళ్లతో చీల్చుకుంటాయి. మనం కొమ్మును చూసి భయపడతాం గానీ ఎక్కువ గాయాలు చేసేవి ఆ పళ్లే. చూపు మందం, బతుకంతా వాసన మీద, చప్పుడు మీద. అనుమానం తగిలిందా, గంటకు 40 కిలోమీటర్లకు పైగా వేగం అందుకుంటుంది. రెండు టన్నుల ఆ ఒంటిని ఏ తాడు ఆపుతుంది? కాజిరంగాలో దాన్ని దగ్గరగా చూపించాలన్నా పర్యాటకులను ఏనుగే ఎక్కిస్తారు.

పెంపకం లెక్కా కుదరదు. గేదె చూడి పది నెలల పైచిలుకు. ఖడ్గమృగానిది 15, 16 నెలలు, పుట్టేది ఒక్క పిల్ల, మళ్లీ ఈనాలంటే మూడేళ్లో నాలుగేళ్లో. నెమ్మదైనవాటిని తరతరాలుగా ఏరుకుంటూ పోతేనే అడవి జాతి పెంపుడు జాతి అవుతుంది. అంత ఓపిక ఏ రైతుకుంటుంది? ఏనుగు ఇంకా ఆలస్యం, దాదాపు 22 నెలలు. అందుకే దాన్ని అడవిలో పట్టి మచ్చిక చేశారు తప్ప చావిట్లో తరాలు పెంచలేదు.

ఇదేమీ మన నేలకు పరాయి జంతువు కాదు. బేతంచెర్ల దగ్గరి బిల్లసర్గం గుహల్లో 1884లో భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ తవ్విస్తే దొరికిన ఎముకల్లో ఖడ్గమృగానివీ ఉన్నాయి. వాటిని పరిశీలించిన శిలాజ శాస్త్రవేత్త లిడెక్కర్ ఆ జాతికి కర్నూలు పేరే పెట్టాడు, రైనోసెరస్ కర్నూలియెన్సిస్ అని. ఇక మహారాష్ట్రలోని దైమాబాద్‌లో 1974లో బయటపడిన ప్రాచీన లోహపు బొమ్మలు చూడాలి. ఎద్దుల జత రథం లాగుతుంటే మనిషి నిలబడి తోలుతున్నాడు. ఖడ్గమృగం దేన్నీ లాగడం లేదు, దాన్నే చక్రాలు మోస్తున్నాయి.

ఆఫ్రికా తెల్ల ఖడ్గమృగం కాస్త నయం, చిన్న గుంపులుగా మేస్తుంది. కొమ్ము మన గోళ్లలో ఉండే పదార్థమే, కోస్తే మళ్లీ పెరుగుతుంది. ఆ కొమ్ము మీద ఆశతో దక్షిణాఫ్రికాలో జాన్ హ్యూమ్ దాదాపు 2,000 తెల్ల ఖడ్గమృగాలను పశువుల్లా పెంచాడు. అంతర్జాతీయ వ్యాపారం మీద నిషేధం తొలగలేదు, ఖర్చు తడిసి మోపెడైంది. 2023లో వేలం పెడితే పాడేవాడే లేడు. చివరికి ఆఫ్రికన్ పార్క్స్ సంస్థ ఆ మందను కొని, పదేళ్లలో మొత్తాన్నీ అడవులకు చేర్చే పని మొదలుపెట్టింది.