గుట్టకో లెక్కల పుస్తకం

మా ఊరి గుట్ట మీద నా చిన్నప్పటి అడవి పోయి, మోకాలెత్తు మోడులు మిగిలాయి. పొయ్యిలోకి కట్టెలని ఒకరు, పందిరి గుంజలని ఒకరు, నాగలి కర్రకని మరొకరు కొట్టుకుపోయారు. వాళ్లలో మా ఇంటివాళ్లూ ఉన్నారు. అడిగితే అందరిదీ ఒకటే జవాబు, ‘అది సర్కారు గుట్ట’ అని.

ఉమ్మడి రాష్ట్రంలో 1992లో ప్రభుత్వం, ఊరు కలిసి అడవిని చూసుకునే పద్ధతి మొదలైంది. ఊరూరా వన సంరక్షణ సమితులు వచ్చాయి. మా ఊళ్లోనూ ఒకటి పెట్టారు. బడిపంతులుని కాబట్టి తీర్మానాల పుస్తకం రాసే పని నాకు అంటగట్టారు.

మొదటిరోజే అటవీ సిబ్బంది ఒకాయన రంపం తెచ్చి, ఉన్న మోడుల్ని నేలమట్టానికి కోయమన్నాడు. మేకలు కాసే పెద్దాయన నా వైపు తిరిగి, “ఉన్నయి గూడ కొయ్యమంటడు, ఈ సారుకు మతి ఉన్నదా?” అన్నాడు. నాకూ అదే అనుమానం.

సంగతేమిటంటే, ఎత్తు మోడు పైభాగాన వచ్చే పిలకకు పట్టు ఉండదు, పెద్ద గాలికి చీలిపోతుంది. నేలకు దగ్గరగా, నీళ్లు నిలవకుండా కాస్త ఏటవాలుగా, బెరడు చీలకుండా కోస్తే మొదట్లోంచి పిలకలు గుంపుగా లేస్తాయి. వాటిలో ఏపుగా ఉన్న ఒకటి రెండు ఉంచి మిగతావి తీసేయాలి. తీసినవి పొయ్యికీ పందిరికీ పనికొస్తాయి. నేల కింద వేర్లు ఏనాటివో కాబట్టి ఉంచిన పిలక తొందరగా ఎదుగుతుంది. నాటిన మొక్కకు నీళ్లు మోయాలి, పిలకకు మేకను ఆపితే చాలు. అందుకే గుట్టను భాగాలు చేసి, ఒక వైపు మూసి మరో వైపు మేతకు వదిలాం. పెద్దాయనే మూసిన వైపు కాపలాకు ఒప్పుకున్నాడు.

2002లో ప్రపంచ బ్యాంకు రుణంతో సామాజిక అటవీ యాజమాన్య పథకం వచ్చింది. కందకాలు తవ్వాం, రాతి కట్టలు వేశాం, కూలి అందింది. పథకం ముగిసింది, కూలి ఆగింది. తర్వాత మీటింగులూ ఆగాయి. నా పుస్తకంలో సగం పేజీలు తెల్లగానే ఉండిపోయాయి. ఈమధ్య దాన్ని తిరగేస్తే అసలు లోపం కనిపించింది. అందులో ఉన్నవన్నీ కూలి పద్దులే, గుట్ట సరుకు అమ్మిన పద్దు ఒక్కటీ లేదు. అదే గుట్ట సీతాఫలాల్ని మా ఆడవాళ్లు గంపలకెత్తి, ఎవరికి వారు, బేరగాడు చెప్పిన రేటుకే ఇచ్చి వస్తున్నారు.

ఆ పద్దు రాసుకున్న ఊరు ఒకటుంది. మహారాష్ట్రలో, మన సరిహద్దు జిల్లా గడ్చిరోలిలోని మేండా లేఖా. అక్కడివాళ్లు గోండులు. ‘ఢిల్లీ, ముంబైలలో మా సర్కారు, మా ఊళ్లో మేమే సర్కారు’ అన్నది వాళ్ల నినాదం. నిర్ణయం ఏదైనా ఓట్లు లెక్కపెట్టరు, అందరూ ఒప్పుకునేదాకా మాట్లాడుకుంటారు. అటవీ హక్కుల చట్టం కింద 2009లో సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద ఊరికి సామూహిక హక్కు పత్రం వచ్చింది. అయినా వెదురు ఊరు దాటాలంటే రవాణా పర్మిట్ కావాలి, దాని కోసం పోరాడాల్సి వచ్చింది. 2011 ఏప్రిల్‌లో అప్పటి కేంద్రమంత్రి జైరాం రమేశ్ స్వయంగా వెళ్లి ఆ పర్మిట్ పుస్తకాన్ని గ్రామసభ చేతికిచ్చారు. అప్పటినుంచి ఊరే వెదురు కొట్టించి, ఊరే అమ్ముతోంది.

వెదురు గడ్డిజాతి. సరిగ్గా కొడితే పొద ఏటేటా కొత్త బొంగులిస్తుంది. ఆ ఏడు లేచిన లేత బొంగును ముట్టకూడదు, ముదురువే కొట్టాలి. అదీ నేలకు దగ్గర కణుపు పైన కొట్టాలి. వానాకాలంలో కొమ్ములు లేస్తాయి కాబట్టి అప్పుడు పొద జోలికి పోకూడదు. కాంట్రాక్టరుకు బొంగుల లెక్కే ముఖ్యం. ఊరికి మాత్రం వచ్చే ఏడు కూడా ఆ పొదే కావాలి. ఊరు అడవితో వ్యాపారం చేస్తే అడవి మిగలదన్న భయం నాకూ ఉండేది. రాబడి ఊరికే వస్తుందంటే గొడ్డలి పట్టినవాడి చేయి దానంతటదే ఆగుతుందని ఇప్పుడు అనుకుంటున్నాను.

2006 నాటి అటవీ హక్కుల చట్టం వెదురును, తునికాకును చిన్నతరహా అటవీ ఉత్పత్తులుగానే లెక్కించింది. 2012 సవరణ నిబంధనలతో రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం గ్రామసభ కమిటీకే వచ్చింది. ఊరి సామూహిక అడవి కోసం పెట్టే అర్జీ పేరు ఫారం సి. గిరిజనేతరులైతే మూడు తరాలుగా, అంటే 75 ఏళ్లుగా, ఆ అడవి మీద ఆధారపడ్డట్టు చూపాలి.

మీ ఊరి గుట్ట మీద మోడులున్నాయా? వేర్లు బతికే ఉంటాయి. మొక్కల కోసం నర్సరీకి వెళ్లే ముందు గ్రామసభ పెట్టించండి, ఫారం సి నింపండి, ఓ లెక్కల పుస్తకం కొనండి. మొదటి పేజీలో కూలి పద్దుకు పక్కనే అమ్మకం పద్దుకూ ఒక గడి గీయండి. నేను గీయనిది అదే.